గుయ్యిమన్న పెట్టె, మట్టిలో నిలబడ్డ గవర్రాజు

గోదావరి లంకల్లో ఇసుక ఎంతుందో ముత్యాల వారింట్లో తెలివి అంతుంది. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, ముత్యాల వారే అన్నది. "మనకున్న తెలివికి ఒక్క తాళం చాలదు" అని ఇంటి పెద్దకొడుకు గవర్రాజు వీధి తలుపుకి కొత్త గొళ్ళెం కూడా వేయించాడు. బయటవైపే వేయించాడు. "దొంగలుండేది బయట కదా, లోపల వేయిస్తే వాళ్ళకి తెలిసేదెలా?" అన్నాడు. తల్లి వీరాయమ్మ కొడుకు బుద్ధికి మురిసిపోయి దిష్టి తీసింది.

వాళ్ళ గొప్పేమిటంటే, ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు వింటారు. ఒకసారి బస్సులో కండక్టరు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అన్నాడు. ఇంకేముంది, వీరాయమ్మ, గవర్రాజు, అతని భార్య రత్నమాణిక్యం, తమ్ముడు అబ్బులు వరసగా జరిగి జరిగి ముందు తలుపులోంచి దిగిపోయి, బస్సుకి ముందు నడవడం మొదలెట్టారు. డ్రైవరు హారన్ కొడుతుంటే "జరుగుతూనే ఉన్నాం బాబూ, నీకంత తొందరైతే ఎలా" అంది వీరాయమ్మ. అలా వాళ్ళ ఊరి దాకా బస్సు వాళ్ళ వెనకాలే నడిచొచ్చింది.

ఇంత తెలివైన ఇంట్లో అబ్బులుకి మాత్రం పెళ్ళి కుదరడం లేదు. ముప్పై దాటాడు. వచ్చిన సంబంధమల్లా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోంది. మొన్నటికి మొన్న ఒక పెద్దమనిషి వచ్చి, "అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అని అడిగాడు. గవర్రాజు లోపలికి తొంగి చూసొచ్చి, "గోడకి ఆనుకుని కూర్చున్నాడండి" అన్నాడు. అంతే, ఆ పెద్దమనిషి కాఫీ కూడా తాగలేదు. అబ్బులు వారం రోజులు గోడకి ఆనుకోవడం మానేశాడు. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది గవర్రాజే కాబట్టి, వాడి మొహం అలా వాడిపోతే అతనికి ముద్ద దిగేది కాదు.

ఆ దిగుల్లోనే అబ్బులు ఒక మిషను కట్టాడు. పాత సామాన్ల కొట్టో, పొట్లం కాగితమో, ఎక్కడిదో ఒక బొమ్మ దొరికింది వాడికి. ప్రీయాంప్లిఫయరు బొమ్మ అది. గ్రామఫోను సూది రికార్డు మీంచి లాగే పాట చీమ గొంతంత ఉంటుంది కదా, దాన్ని కాస్త బలిపించి పెద్ద యాంప్లిఫయరుకి అందించే పెట్టె అన్నమాట. అందులో తాతల కాలం రేడియోల్లో ఎర్రగా వెలిగేవే, ఆ గాజు వాల్వులుంటాయి. ఇంకొకడైతే చదువు అడ్డొచ్చి తికమకపడేవాడు. అబ్బులుకి ఆ బాధ లేదు. గీత ఎక్కడుంటే తీగె అక్కడ, చుక్క ఎక్కడుంటే అతుకు అక్కడ. బొమ్మ అడుగున ఒకదాని కింద ఒకటి చిన్నవవుతూ మూడు గీతలున్నాయి. అది మాత్రం తీగెలా కనిపించలేదు. "అది ముగ్గేరా, మంచిది" అని వీరాయమ్మ బియ్యప్పిండితో పెట్టె మూత మీద వేసిపెట్టింది.

సరిగ్గా అప్పుడే రామచంద్రపురం నించి వీరభద్రంగారి సంబంధం వచ్చింది. ఆయనకి పాత నాటక పద్యాల రికార్డులంటే ప్రాణం. వయసులో ఉండగా తనూ వాల్వు సెట్లు కట్టిన మనిషి. కుర్రాడు సొంతంగా ప్రీయాంప్లిఫయరు కట్టాడని వినగానే ఉబ్బిపోయాడు. "ఈ రోజుల్లో వాల్వు ముట్టుకునే కుర్రాడున్నాడా! శుక్రవారం మా అమ్మాయి స్వరాజ్యాన్ని తీసుకుని నేనే వస్తాను. నా రికార్డు వేసి వింటాను. పద్యం పద్యంలా వినబడితే అక్కడికక్కడే మాట ఇచ్చేస్తాను" అని ఫోన్లో చెప్పాడు.

ఇల్లంతా పండగైంది. అబ్బులు పెట్టెకి గ్రామఫోను, పెద్ద యాంప్లిఫయరు తగిలించి స్విచ్ వేశాడు.

"గుయ్‌య్‌య్‌య్!"

ఇంట్లో ఉన్న నాటకం రికార్డు పెట్టినా అదే గుయ్. ఆ గుయ్ వెనకాల ఎక్కడో పద్యం, కందిరీగల తుట్టెలో ఇరుక్కున్న నాటకాలాయన అరుస్తున్నట్టు. అబ్బులు మెల్లిగా వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గవర్రాజు గబగబా ఫోను అందుకున్నాడు.

"దిగులెందుకురా, మనకి తెలివి లేదా?" అని రామచంద్రపురం ఫోన్ చేశాడు. "మావయ్యగారండీ, మిషను గుయ్యిమంటోందండి."

వీరభద్రంగారు నవ్వాడు. "స్విచ్ వెయ్యగానే వినేస్తే ఎలాగండీ గవర్రాజుగారూ! వాల్వుల్ని బాగా వేడెక్కనివ్వాలి. వేడెక్కాక వినండి."

"ఇంతేనా!" అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, పొయ్యి వెలిగింది.

"పెనం మీదైతే అడుగంటుతాయండి. ఆవిరి మీదే సమంగా వేడెక్కుతాయి" అంది రత్నమాణిక్యం. వంటలో ఆవిడ మాటకి తిరుగులేదు. వాల్వులు పీకి ఇడ్లీ పాత్రలో గుంటకొకటి కూర్చోబెట్టింది. ఒక గుంట మిగిలిపోయింది. "ఖాళీ గుంట ఇంటికి మంచిది కాదే" అని వీరాయమ్మ అందులో గరిటెడు పిండి పోసింది. కాసేపయ్యాక మూత తీసి పుల్ల గుచ్చి చూశారు. ఇడ్లీలోకి దిగింది. వాల్వులోకి దిగలేదు.

"ఇంకా ఉడకలేదు" అంది వీరాయమ్మ.

మళ్ళీ మూత పెట్టారు. మళ్ళీ గుచ్చారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఇడ్లీ రాయయింది, పాత్రలో నీళ్ళు ఇగిరిపోయాయి, వాల్వులు మాత్రం వాల్వుల్లాగే ఉన్నాయి. "గట్టిపిండాలు" అని మెచ్చుకుని, తుడిచి, మళ్ళీ పెట్టెలో గుచ్చి స్విచ్ వేశారు.

"గుయ్‌య్‌య్!" ఇప్పుడు దానికి తోడు ఇడ్లీ వాసన.

గవర్రాజు మళ్ళీ ఫోన్ చేశాడు. "బాగా వేడెక్కించామండి, ఇంకా గుయ్యే!"

"అయితే ట్రాన్స్‌ఫార్మరు మరీ దగ్గరగా ఉన్నట్టుంది. దాన్ని కాస్త దూరం జరపండి" అన్నాడు వీరభద్రంగారు. ఆయన అన్నది పెట్టెలో బిగించిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు సంగతి.

గవర్రాజు కిటికీలోంచి చూశాడు. వీధి చివర రెండు స్తంభాల మధ్య, చుట్టూ కంచెతో, కరెంటు వాళ్ళ ట్రాన్స్‌ఫార్మరు నల్లగా, ఏనుగు పిల్లలా ఉంది. అతను తమ్ముడి వైపు తిరిగాడు. "చూశావుట్రా అబ్బులూ! ఆయన రామచంద్రపురంలో కూర్చుని మన వీధి చివర ఏముందో చెప్పేశాడు. అలాంటి మావగారు దొరకాలంటే పెట్టి పుట్టాలి!"

అంతే, గునపాలు, మోకులు తీసుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరారు. మోకు కంచె మీదికి విసరబోతుండగా లైన్‌మాన్ ధర్మారావు సైకిలు కింద పడేసి పరిగెత్తుకొచ్చాడు. "ఓయ్ ఓయ్! ఏం చేస్తున్నారండీ బాబూ!"

"పెద్ద పనేం కాదు ధర్మారావూ. దీన్ని కాస్త దూరం జరిపితే చాలు" అన్నాడు గవర్రాజు.

"ఎంత దూరం?"

"పెళ్ళి కుదిరేంత."

ధర్మారావు కంచెకి అడ్డం నిలబడి అరిచాడు. "ఇది అంగుళం కదలదు! మీకంత ఇబ్బందిగా ఉంటే మీరే దూరం పొండి!"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ ముక్క తమకి తట్టలేదే అని కాస్త సిగ్గుపడ్డారు కూడా. ఇంకేముంది, మిషను, యాంప్లిఫయరు, గ్రామఫోను, పక్కబట్టలు, ఆవకాయ జాడీ అన్నీ బండికెత్తి, ఊరికి దూరంగా ఉన్న తమ కొబ్బరితోట పాకలోకి మకాం మార్చేశారు. అక్కడ పెట్టె దింపి అబ్బులు స్విచ్ వేశాడు.

గుయ్ లేదు. చప్పుడే లేదు.

గవర్రాజు తమ్ముణ్ణి కావిలించుకున్నాడు. వీరాయమ్మ కళ్ళొత్తుకుంది. రత్నమాణిక్యం చెవి దగ్గరపెట్టి కాసేపు విని, "పద్యం కూడా వినబడటం లేదేంటి అబ్బులూ?" అంది.

"మంచి పద్యం అలాగే ఉంటుంది వదినా. నిదానంగా వస్తుంది" అన్నాడు అబ్బులు.

నిదానంగానే విన్నారు. కొబ్బరాకుల చప్పుడు విని తలలూపారు. దూరాన గేదె అరిస్తే "ఇదిగో, ఎత్తుకున్నాడు" అంది వీరాయమ్మ. చివరికి గవర్రాజుకే అనుమానం వచ్చింది. "ఒరే, వాల్వులు వెలగడం లేదేంట్రా?"

"పాకలో కరెంటు లేదు కదా అన్నియ్యా."

"అది నాకూ తెలుసు. నీకు తెలుసో లేదో చూద్దామని అడిగాను" అన్నాడు గవర్రాజు. బండి మళ్ళీ ఇంటికి తిరిగింది.

ఈసారి ఫోన్లో వీరభద్రంగారు కూడా కాస్త విసుక్కున్నాడు. "జరిపారా? అయినా తగ్గలేదా? అసలు ఎర్త్ ఇచ్చారా లేదా మీరు?"

"ఎర్త్ అంటే ఏంటండీ?"

"భూమండీ బాబూ, మట్టి! మిషన్ని మట్టిలో కలపకపోతే గుయ్యిమనక ఏం చేస్తుంది!"

ఫోన్ పెట్టేసి గవర్రాజు మిషను పక్కన చతికిలబడ్డాడు. ఇన్నాళ్ళు వేళ్ళు కాయలు కాసేలా అతికిన మిషన్ని మట్టిలో కలపమనడానికి ఆయనకి నోరెలా వచ్చిందా అనుకున్నాడు. అబ్బులు కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నాడు. కానీ పిల్లనిచ్చేవాళ్ళ మాట. "అనుభవం ఉన్న మనిషి, ఊరికే అనడు" అని గవర్రాజే ముందు లేచాడు.

వీరాయమ్మ పెరట్లో మట్టి తవ్వి జల్లెడ పట్టింది, పిల్లాడి మిషనుకి రాళ్ళు తగలకూడదని. రత్నమాణిక్యం మూత తీసి, స్విచ్ ఆపమని చెప్పి మరీ, గంప మట్టి లోపల పోసి, పులిహోర కలిపినట్టు అడుగునించి పైకి కలిపింది. తీగెలు తెగకుండా వేళ్ళ చివరలతో ఎంత సుతారంగా కలిపిందో! మూత పెట్టి స్విచ్ వేశారు.

"గుయ్‌య్‌య్... గరగర... గుయ్‌య్‌య్!"

"పొడి మట్టి ఎలా కలుస్తుందే? నీళ్ళు పోసి పిసకొద్దూ?" అంది వీరాయమ్మ. ఆవిడ ఇంత పెద్ద బేసిన్లో మట్టి పోసి, నీళ్ళు పోసి, మెత్తగా పిసికి పెట్టెకి పక్కనే తెచ్చి పెట్టింది. అప్పటికే శుక్రవారం తెల్లారిపోయింది. ఈలోగా తమ్ముడి ఏడుపు చూడలేక గవర్రాజు సైకిలు పంపుతో పెట్టెలోని పొడి మట్టంతా ఊదేశాడు. "తడిమట్టి వస్తోంది కదా, పొడిది దేనికి" అని సర్దిచెప్పాడు.

ఇదిగో తడిమట్టి పోద్దాం అనుకుంటుండగా వీరభద్రంగారే ఫోన్ చేశాడు. "మేం మధ్యాహ్నం బయల్దేరతాం. ఎలా ఉందిప్పుడు?"

"ఇంకా మోతేనండి" అన్నాడు గవర్రాజు నీరసంగా.

"ఒక్క పని చెయ్యండి. మిషను నడుస్తుండగా దాని ఇనప డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి. మోత తగ్గుతుందేమో."

గవర్రాజు పెట్టె దగ్గరికి వెళ్ళబోయి కుడికాలు తీసుకెళ్ళి బేసిన్లో వేశాడు. మోకాలి దాకా దిగిపోయింది. నిలదొక్కుకోడానికి చెయ్యి తీసుకెళ్ళి డబ్బా మీద వేశాడు.

అంతే! గుయ్ ఠక్కున ఆగిపోయింది. గదిలో పద్యం ఒక్కటే, గంట కొట్టినట్టు ఖంగున మోగింది.

"పోయిందండీ! గుయ్ పోయిందండీ మావయ్యగారూ!" అని గవర్రాజు కేకపెట్టాడు.

"చూశారా మరి! ఇంక భయం లేదు. అలాగే ఉంచండి, నేనొస్తున్నాగా" అని ఆయన పెట్టేశాడు.

అలాగే ఉంచమన్నాడు. ఇంకేముంది, గవర్రాజు అలాగే ఉన్నాడు. ఒక కాలు మట్టిలో, ఒక చెయ్యి డబ్బా మీద. రెండో కాలు మట్టుకు బయట ఉండటం ఎందుకని అదీ లోపల పెట్టాడు. రత్నమాణిక్యం అలాగే కొత్త కండువా కప్పింది, అలాగే టిఫిను నోట్లో పెట్టింది. అరచేతిలో చీమలు పాకుతున్నట్టు జివ్వుమంటోంది. కాళ్ళు చల్లగా, నడుము బండగా ఉంది. అయినా తమ్ముడు గోడ దగ్గర్నించి లేచి తల దువ్వుకుంటుంటే గవర్రాజుకి కడుపు నిండినట్టయింది. "వీడి పెళ్ళి కోసం ఈ మట్టిలో మొక్క మొలిచేదాకా నిలబడమన్నా నిలబడతాను" అనుకున్నాడు.

వీరభద్రంగారు, స్వరాజ్యం వచ్చేసరికి సాయంత్రమైంది. ఆయన చంకలో రికార్డు పెట్టుకుని నవ్వుతూ గుమ్మం దాటి, గవర్రాజుని చూసి ఆగిపోయాడు. గవర్రాజు ఎడమచేత్తో సగం నమస్కారం పెట్టాడు. "క్షమించండి మావయ్యగారూ, రెండో సగం డబ్బా మీదుంది."

"ఈయనెవరమ్మా? ఒంట్లో బాలేదా?" అని ఆయన మెల్లిగా వీరాయమ్మని అడిగాడు.

"మా పెద్దాడండి గవర్రాజు. ఎర్త్" అంది వీరాయమ్మ గర్వంగా.

ఆయన కేకేశాడు. "స్విచ్ ఆపండి ముందు! మనిషి పోతాడు!"

"ఎక్కడికి పోతాడండీ?" అంది వీరాయమ్మ నొచ్చుకుని. "పొద్దున్నించి అడుగు తియ్యలేదు నా బంగారుకొండ. తమరు అలాగే ఉంచమన్నారు కదా!"

ఇంకెవరూ కదిలేలా లేరని స్వరాజ్యమే ఒక్క అంగలో వెళ్ళి ప్లగ్గు పీకేసింది. వీరభద్రంగారు కుర్చీలో కూలబడి మంచినీళ్ళడిగాడు. చెంబు ఖాళీ చేశాక, ఇడ్లీల దగ్గర్నించి బేసిను దాకా ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. వింటున్నకొద్దీ ఆయన భుజాలు ఊగడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడేమో అని గవర్రాజు భయపడ్డాడు. కాదు, నవ్వు.

స్వరాజ్యం ఆ నవ్వులో కలవలేదు. బొమ్మ ఒక చేత్తో, టార్చి ఒక చేత్తో పట్టుకుని పెట్టెలోకి వంగి తీగె తీగె చూస్తోంది. పిల్ల హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. "ఈ అతుకులన్నీ మీరే వేశారా? ఒక్కటీ తప్పు పోలేదే!" అంది అబ్బులుతో.

"బొమ్మలో తప్పుల్లేవండి" అన్నాడు అబ్బులు నేల చూస్తూ.

"మరి ఈ మూడు గీతలూ?"

"అది ముగ్గండి. మూత మీద వేశాం."

అదే ఎర్త్ గుర్తు. వీరభద్రంగారు ఓరి నాయనో అని తల పట్టుకుని, పెరట్లో ఇనపకడ్డీ లోతుగా దిగ్గొట్టించి, దాన్నించి ఒక పచ్చతీగె లాక్కొచ్చి డబ్బాకి బిగించాడు. తన రికార్డు పెట్టాడు. ఎవరూ ఎక్కడా చెయ్యి పెట్టలేదు. పద్యం వచ్చింది. గాయకుడు ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఇరవయ్యేళ్ళుగా వింటున్నానమ్మా. ఈ ఊపిరి ఇప్పుడే విన్నాను" అన్నాడు.

స్వరాజ్యం తండ్రి చెవి దగ్గరకి వంగింది. గుసగుసే అయినా అందరికీ వినబడింది. "నాన్నా, నాకు ఈ సంబంధం ఇష్టమే. చెప్పింది చెప్పినట్టు చేసే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?"

"అదే కదమ్మా నా భయం!"

"నేను సరిగ్గా చెబుతాను కదా నాన్నా."

ఆ ముక్కకి ఆయన తలూపాడు. దశమినాడు తమ ఇంట్లోనే తాంబూలాలు పుచ్చుకుందామన్నాడు. వెళ్తూ వెళ్తూ, కాళ్ళు కడుక్కుంటున్న గవర్రాజు భుజం తట్టాడు. "మీలాంటి అన్నగారు ఉండరు. ఇంక మీరు కష్టపడక్కర్లేదు. ఈవేళ్టి నించి మీ పని ఈ తీగె చూసుకుంటుంది." మిగిలిన పచ్చతీగె చుట్ట అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

గవర్రాజు ఆ చుట్టని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తండ్రి పోయిన నాటి నించి ఇల్లు మోసిన మనిషి. ఇంక కష్టపడక్కర్లేదని ఇంతవరకూ ఎవరూ అతనితో అనలేదు. కళ్ళు చెమర్చాయి.

దశమి రానే వచ్చింది. అందరూ ముస్తాబయ్యారు. గవర్రాజు మాత్రం లుంగీతో మంచం మీద పడుకుని ఉన్నాడు.

"లేవండి, తాంబూలం మీరే కదా పుచ్చుకోవాలి, తండ్రి స్థానంలో" అంది రత్నమాణిక్యం.

"పుచ్చుకోవడం ఎవరి పని?"

"మీ పనే."

"నా పని ఎవరు చూసుకుంటారన్నాడు ఆయన?"

రత్నమాణిక్యం నాలిక్కరుచుకుంది. అంతే, పచ్చతీగె చుట్టకి బొట్టుపెట్టి, గవర్రాజు పట్టు కండువా చుట్టి, జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని రామచంద్రపురం బయల్దేరారు. గవర్రాజు గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి పట్టపగలు నిద్రపోయాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. గవర్రాజు ఆత్రంగా ఎదురెళ్ళాడు. "ఏమైందమ్మా?"

"కుదిరిపోయిందిరా!" అంది వీరాయమ్మ. "మొదట వీరభద్రంగారు పీట మీద తీగెని చూసి నోరు తెరిచారు, ఎంతకీ ముయ్యలేదు. పిల్లే అంది, 'నాన్నా, మీరే అన్నారట కదా, ఇంక ఇవ్వండి' అని. అప్పుడు ఇచ్చారు. తీగె ఎంత బుద్ధిగా కూర్చుందనుకున్నావు! నీలాగా మధ్యలో ఒక్క కునుకు తియ్యలేదు."

గవర్రాజు తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు. అబ్బులు మొహం కొత్త చెంబులా మెరుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది గవర్రాజుకి, పొద్దున్నించి ఏమీ తినలేదని. "రత్నం, ఆకలేస్తోందే. నాకేం తెచ్చారు?"

రత్నమాణిక్యం ఆశ్చర్యపోయింది. "అదేంటండీ! మీ విస్తరి మీకు వేశారు కదా, తీగె ముందు. పులిహోర, గుత్తొంకాయ, పనసపొట్టు కూర, బూరెలు, అన్నీ కొసరి కొసరి వడ్డించారు. మీ భోజనం అయిపోయింది!"

గవర్రాజు ఆలోచించాడు. ఎటునించి చూసినా ఆవిడ మాటలో తప్పు కనబడలేదు. సరేనని పెరట్లోకి వెళ్ళి, చెయ్యి కడుక్కుని, మూతి తుడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చాడు. మడత మంచం మీద కూర్చుని కడుపు నిమురుకుంటూ అన్నాడు:

"బూరెల దగ్గర అనవసరంగా మొహమాటపడ్డాను. ఇంకోటి వేయించుకోవాల్సింది."